చర్చికి దొరికే హక్కు కొండకు ఎందుకు దొరకదు?

ఇది కొంచెం పెద్ద పోస్ట్. తీరిక చూసుకుని చదవండి.

అమెరికాలో మతం గురించి మన పిల్లల మధ్య చర్చ వస్తే రెండు మాటలు వినపడతాయి. అక్కడ ప్రభుత్వానికీ మతానికీ సంబంధమే లేదంటారు కొందరు. అది క్రైస్తవ దేశం, అక్కడ మిగతా వాళ్లకు చోటు లేదంటారు ఇంకొందరు. రెండింట్లోనూ సగం నిజమే ఉంది. ఈ రెండు మాటల మధ్యలో ఆ నేలకు అసలు హక్కుదారులైన ఆదివాసీల దేవుళ్ల సంగతి ఏమైందని మాత్రం ఎవరూ అడగరు. మన పాఠ్యపుస్తకాల్లో "రెడ్ ఇండియన్లు" అని ఒక లైను చదివి వదిలేశాం. మనకు పనికొచ్చే పాఠం వాళ్ల దగ్గరే ఉంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అమెరికాలో మత స్వేచ్ఛ చాలా బలమైన హక్కు. కానీ గుడి గోడలు, పవిత్ర గ్రంథం, ఆదివారం ప్రార్థన ఉన్న మతం కొలతలు తీసుకుని కుట్టిన చొక్కా అది. కొండకూ చెరువుకూ మొక్కే వాళ్లకు అది పట్టదు. దేవుడి పేరు చెప్పి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన పెద్ద కేసుల్లో ఆదివాసీలు ఓడిపోయారు. నేల మీద హక్కు చేతికి వచ్చిన చోట గెలిచారు. ఎందుకో వివరంగా చూద్దాం.

ముందు అక్కడి పరిస్థితి. ప్రభుత్వం ఏ మతాన్నీ అధికార మతంగా నిలబెట్టకూడదు, ఎవరి మతాచరణనూ అడ్డుకోకూడదు అని 1791లోనే రాజ్యాంగ మొదటి సవరణలో రాసుకున్నారు. మన సెక్యులర్ పద్ధతికీ దీనికీ తేడా ఉంది. మన దగ్గర ప్రభుత్వాలు గుళ్లను ఎండోమెంట్స్ శాఖ పెట్టి నడుపుతాయి. అక్కడ ఆ మాటే ఎత్తలేరు. కానీ రాతలో ఒకటి, రోజువారీ బతుకులో ఇంకొకటి. సోవియట్ రష్యాతో పోటీ నడిచిన రోజుల్లో, 1954లో, బడిపిల్లలు చేసే ప్రతిజ్ఞలో దేవుడి మాట చేర్చారు. 1956లో "దేవుణ్ని నమ్ముతున్నాం" అన్నది జాతీయ నినాదమైంది. డాలరు నోటు మీద ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇటీవలి సంగతులు చూడండి. ఫుట్‌బాల్ మ్యాచ్ అయ్యాక మైదానం మధ్యలో మోకరిల్లి ప్రార్థన చేసిన ఒక ప్రభుత్వ బడి కోచ్‌కు 2022లో సుప్రీంకోర్టు అండగా నిలబడింది. 2024లో లూసియానా రాష్ట్రం ప్రతి తరగతి గదిలో బైబిల్ పది ఆజ్ఞలు పెట్టాలని చట్టం చేసింది. 2025లో టెక్సాస్ కూడా అదే బాట పట్టింది. ఆ రెండు చట్టాల మీదా కోర్టు కేసులు నడిచాయి. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ వైట్‌హౌస్‌లోనే విశ్వాస కార్యాలయం పెట్టాడు. అదే సమయంలో జనంలో మతం పలచబడుతోంది. ప్యూ సంస్థ సర్వే ప్రకారం 2007లో పెద్దవాళ్లలో 78 శాతం మంది క్రైస్తవులమని చెప్పుకుంటే, 2023-24కి అది 62 శాతానికి వచ్చింది. ఏ మతమూ లేదనేవాళ్లు 29 శాతం. జనం చర్చికి దూరమవుతున్న కొద్దీ రాజకీయాల్లో మతం గొంతు పెరిగింది. మెజారిటీ తగ్గుతోందన్న భయం ఉన్న చోట ఇలాంటి గొంతు లేస్తుంది. మనకూ తెలిసిన సంగతే.

ఈ మత స్వేచ్ఛ ఆదివాసీల దగ్గరికి వచ్చేసరికి ఏమైంది?

1869 తర్వాత గ్రాంట్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, రిజర్వేషన్లను చూసుకునే ఏజెన్సీలను క్రైస్తవ శాఖలకు పంచిపెట్టారు. ఒక ఏజెన్సీ ఒక శాఖకు, ఇంకొకటి ఇంకో శాఖకు. మొదటి సవరణ అప్పటికే ఉంది. అయినా ఎవరికీ తప్పనిపించలేదు. 1883లో ఇండియన్ నేరాల నియమావళి అని ఒకటి తెచ్చారు. దాని కింద సూర్యనృత్యం లాంటి క్రతువులు నేరం. చేస్తే రేషన్ ఆపుతారు, జైల్లో వేస్తారు. వైద్యం చేసే పెద్దమనిషి పని కూడా నేరమే. మన ఊర్లలో వడ్డె, పూజారి, దేవారి చేసే పనంతా నేరమని చట్టం చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. 1890లో భూతనృత్యం అనే కొత్త ప్రార్థనా ఉద్యమం లకోటా జనంలో వ్యాపిస్తే సైన్యాన్ని దించారు. ఆ డిసెంబర్ 29న వూండెడ్ నీ దగ్గర 250 మందికి పైగా చనిపోయారు. ఆడవాళ్లు, పిల్లలు కూడా అందులో ఉన్నారు.

పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకెళ్లి బోర్డింగ్ స్కూళ్లలో పెట్టారు. జుట్టు కత్తిరించారు, పేరు మార్చారు, భాష మాట్లాడితే కొట్టారు, చర్చికి నడిపించారు. అమెరికా ఇంటీరియర్ శాఖ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఇలాంటి ఫెడరల్ స్కూళ్లు 417. వాటిలో సగం దాకా చర్చిల చేతిలో నడిచాయి. కనీసం 973 మంది పిల్లలు అక్కడ చనిపోయారు. ఈ విచారణ చేయించిన మంత్రి డెబ్ హాలండ్ స్వయంగా లగునా ప్వెబ్లో ఆదివాసీ. ఆ ఏడాది అక్టోబర్ 25న బైడెన్ అరిజోనాలోని గిలా రివర్ రిజర్వేషన్‌కు వెళ్లి దేశం తరఫున క్షమాపణ చెప్పాడు. ఆదివాసీల మత స్వేచ్ఛను కాపాడతామని అమెరికా చట్టంలో రాసుకున్నది 1978లో. మొదటి సవరణ వచ్చిన 187 ఏళ్లకు!

1978 చట్టం మాటల్లో బాగుంది. పళ్లు లేవు. అది తేల్చి చెప్పిన కేసు 1988లో వచ్చింది. ఉత్తర కాలిఫోర్నియా అడవుల్లో యూరోక్, కరుక్, టొలోవా తెగలవాళ్లు ఏకాంతంగా ప్రార్థన చేసుకునే ఎత్తైన కొండ ప్రాంతం ఉంది. అటవీ శాఖ దాని గుండా కలప రవాణాకు రోడ్డు వేస్తామంది. ఈ రోడ్డు వల్ల ఆ మతాచరణ దాదాపు నాశనమైనా కావచ్చు అన్నది కోర్టు కాదనలేదు. అయినా 5-3 తేడాతో ప్రభుత్వానికే తీర్పు ఇచ్చింది. ఎందుకంటే అది ప్రభుత్వ భూమి. మిమ్మల్ని నమ్మకం మార్చుకోమని ఎవరూ బలవంతం చెయ్యలేదు, మీకు శిక్ష వెయ్యలేదు, కాబట్టి మీ మత స్వేచ్ఛకు భంగం కలగలేదు అన్నారు.

ఈ తర్కం ఒకసారి మన దగ్గర పెట్టి చూడండి. మెస్రం వంశం వాళ్లు నాగోబా జాతర ముందు కాలినడకన హస్తినమడుగు దాకా వెళ్లి గోదావరి జలం తెస్తారు. రేపు ఎవరైనా ఆ మడుగు పూడ్చేసి, "మీ నాగోబాను మొక్కొద్దని మేం అనలేదు కదా, మొక్కుకోండి" అంటే ఎలా ఉంటుంది? అలాంటిదే ఆ తీర్పు.

రెండేళ్లకే ఇంకో దెబ్బ. పెయోటీ అనే నాగజెముడు జాతి మొక్కను నేటివ్ అమెరికన్ చర్చి క్రతువుల్లో ప్రసాదంగా తీసుకుంటారు. ఓరెగాన్‌లో అలా తీసుకున్నందుకు ఆల్ఫ్రెడ్ స్మిత్ అనే క్లామత్ ఆదివాసీకి, ఆయన తోటి ఉద్యోగికి పని పోయింది. నిరుద్యోగ భృతి కూడా ఇవ్వలేదు. అందరికీ ఒకేలా వర్తించే చట్టం అయితే మతం పేరుతో మినహాయింపు అడిగే హక్కు లేదని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. వినడానికి న్యాయంగానే ఉంది కదా! కానీ 1920లలో దేశమంతా మద్యం నిషేధించినప్పుడు చర్చిలో వాడే ద్రాక్షసారాయికి మినహాయింపు ఆ చట్టంలోనే రాశారు. చట్టం చేసే గదిలో మీవాళ్లు ఉంటే మినహాయింపు ముందే రాసి ఉంటుంది. లేకపోతే కోర్టు మెట్లెక్కి అడుక్కోవాలి.

అసలు విచిత్రం దీని తర్వాతే ఉంది. ఈ తీర్పు చూసి చర్చిలన్నీ ఉలిక్కిపడ్డాయి. ఇవాళ ఆదివాసీలకు వచ్చింది, రేపు మాకూ రావచ్చని అన్ని మతాలవాళ్లు ఏకమై పార్లమెంటు మీద ఒత్తిడి తెచ్చారు. 1993లో మత స్వేచ్ఛ పునరుద్ధరణ చట్టం వచ్చింది. ప్రభుత్వం ఒకరి మతాచరణ మీద గణనీయమైన భారం వేయాలంటే అందుకు చాలా బలమైన కారణం చూపించాలి, అంతకన్నా తక్కువ నష్టంతో పని జరిగే దారి లేదని నిరూపించాలి. ఇదే చట్టం పట్టుకుని 2014లో హాబీ లాబీ అనే దుకాణాల కంపెనీ, ఉద్యోగినుల ఆరోగ్య బీమాలో కొన్ని గర్భనిరోధకాలకు డబ్బు కట్టడం మా యజమానుల విశ్వాసానికి విరుద్ధం అని వాదించి గెలిచింది. అంటే ఒక కంపెనీకి కూడా మత విశ్వాసం ఉంటుందని కోర్టు ఒప్పుకుంది.

ఆదివాసీల కేసులోంచి పుట్టిన చట్టం కంపెనీకి పనికొచ్చింది. మరి అదే చట్టం ఆదివాసీలకు పనికొచ్చిందా? ఇక్కడ ఓక్ ఫ్లాట్ సంగతి చెప్పాలి.

అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ నగరానికి తూర్పున, టోంటో జాతీయ అడవిలో ఓక్ ఫ్లాట్ అనే చోటు ఉంది. అపాచీలు దాన్ని చిచిల్ బిల్దగోటీల్ అంటారు. అక్కడ ఓక్ చెట్లు, ఊటలు, పాత సమాధులు ఉన్నాయి. గాన్ అనే కొండ దేవతలు అక్కడ ఉంటారని నమ్మకం. ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు నాలుగు రోజుల సూర్యోదయ క్రతువు చేస్తారు. దానికి కావాల్సిన మొక్కలు, మట్టి, దేవతల పిలుపు, అన్నీ ఆ నేలకే ముడిపడి ఉంటాయి. మనోళ్లకు ఇది వేరే వివరించక్కర్లేదు. ఇలవేల్పు గుడిని తీసుకెళ్లి ఇంకో ఊర్లో పెట్టడం కుదరదని మనకు తెలుసు.

1955లో ఐసెన్‌హోవర్ ప్రభుత్వం ఆ చోట గనుల తవ్వకం నిషేధించింది. కానీ నేల కింద భారీ రాగి నిక్షేపం బయటపడింది. 2014 డిసెంబర్‌లో, సైన్యానికి డబ్బు కేటాయించే పెద్ద బిల్లులో చివరి నిమిషంలో ఒక సెక్షన్ దూర్చారు. ఓక్ ఫ్లాట్‌తో సహా 2,400 ఎకరాలకు పైగా రిజల్యూషన్ కాపర్ అనే కంపెనీకి ఇవ్వాలి, బదులుగా కంపెనీ వేరేచోట్ల భూములు ఇవ్వాలి. ఈ కంపెనీ రియో టింటో, బీహెచ్‌పీలది. రియో టింటో అంటే 2020లో ఆస్ట్రేలియాలో 46,000 ఏళ్ల మానవ చరిత్ర ఉన్న జూకన్ గార్జ్ గుహల్ని పేల్చేసిన కంపెనీయే. ఓక్ ఫ్లాట్‌లో తవ్వే పద్ధతిలో కింద రాయి తీసేకొద్దీ పైన నేల కుంగిపోతుంది. చివరికి దాదాపు 3 కిలోమీటర్ల వెడల్పు, 300 మీటర్ల లోతు గొయ్యి మిగులుతుంది.

శాన్ కార్లోస్ అపాచీల మాజీ చైర్మన్ వెండ్స్లర్ నోసీ 2019లో వెళ్లి ఓక్ ఫ్లాట్‌లోనే కాపురం పెట్టాడు. ఆయన నడిపే అపాచీ స్ట్రాంగ్‌హోల్డ్ సంస్థ 2021 జనవరిలో 1993 చట్టం కిందే కేసు వేసింది. 2024 మార్చిలో అప్పీళ్ల కోర్టు 6-5తో అపాచీలకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. కారణం? పాత రోడ్డు కేసు తర్కమే. ప్రభుత్వం తన భూమిని తనకిష్టమైనట్టు ఇచ్చుకుంటే అది మీ మతం మీద భారం కాదట. 2025 మే 27న సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు. జస్టిస్ గోర్సచ్ అసమ్మతి రాశాడు, జస్టిస్ థామస్ ఆయనతో కలిశాడు. చరిత్ర ఉన్న ఒక పెద్ద చర్చిని కూల్చుతామంటే మనం ఇలా చూస్తూ ఊరుకుంటామా అన్నది ఆయన ప్రశ్న సారాంశం. పర్యావరణ చట్టాల కింద వేరే కేసులు నడిచాయి, ఆ ఆగస్టులో అప్పీళ్ల కోర్టు భూబదిలీని తాత్కాలికంగా ఆపింది కూడా. మత స్వేచ్ఛ కేసు మాత్రం సుప్రీంకోర్టు గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

ఇక్కడ పార్టీల లెక్క వేసుకుంటే బోల్తా పడతాం. 2014 బిల్లు తెచ్చింది రిపబ్లికన్ సెనేటర్లు, సంతకం పెట్టింది ఒబామా. కోర్టులో అపాచీలకు వ్యతిరేకంగా వాదించింది బైడెన్ ప్రభుత్వం, గనిని ముందుకు తోసింది ట్రంప్ ప్రభుత్వం. అసమ్మతి తెలిపిన ఇద్దరు జడ్జీలూ సంప్రదాయవాదులు. ఉదారవాదులనే జడ్జీలు ఒక్కరూ వాళ్లతో గొంతు కలపలేదు. అపాచీల తరఫున వాదించింది బెకెట్ అనే సంస్థ. హాబీ లాబీ లాయర్లు కూడా వాళ్లే! మోర్మన్ చర్చి, కాథలిక్, సిక్కు, యూదు, ముస్లిం సంస్థలు అపాచీలకు మద్దతుగా కోర్టుకు రాశాయి. కాబట్టి "వాళ్లు మనోళ్లు, వీళ్లు శత్రువులు" అని ముందే గీత గీసుకుంటే ఎవరు ఎప్పుడు పక్కన నిలబడతారో కనపడదు.

రెండో వైపు వాదన కూడా వినాలి. పక్కనున్న సుపీరియర్ అనే గని పట్టణంలో ఉద్యోగాలు కావాలనేవాళ్లు ఉన్నారు. అపాచీల్లోనే కొందరు గని వస్తే మంచిదంటారు. కరెంటు బండ్లకు, తీగలకు రాగి కావాలి, అది నిజమే. కోర్టు అడిగేది కూడా తేలిగ్గా తోసేసే ప్రశ్న కాదు: దేశంలో ఎవరైనా ఏ చోటైనా పవిత్రం అంటే ప్రభుత్వ భూమి మీద ప్రతి ఒక్కరికీ వీటో ఇచ్చినట్టు అవుతుంది కదా?

దీనికి నా జవాబు ఒకటే. అది "ప్రభుత్వ భూమి" ఎలా అయ్యింది? 19వ శతాబ్దంలో అపాచీలను సైన్యంతో తరిమి శాన్ కార్లోస్ రిజర్వేషన్‌లో కుక్కాక అయ్యింది. చర్చికి స్థలం చర్చి పేరు మీదే ఉంటుంది, కాబట్టి దాన్ని ఎవరూ తవ్వలేరు. ఆదివాసీ గుడిని ముందు ప్రభుత్వం లాక్కుంది. తర్వాత, నీది కాని స్థలంలో నీకు దేవుడెలా ఉంటాడు అని అడుగుతోంది. కోర్టు దీన్ని మత సమస్యగా చూసి వీటో అంటూ భయపడుతోంది. ఇది మొదటి నుంచీ భూమి సమస్యే.

గెలిచిన కేసులు చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. న్యూ మెక్సికోలో టావోస్ ప్వెబ్లో జనానికి బ్లూ లేక్ అనే సరస్సు పవిత్రం. 1906లో ప్రభుత్వం దాన్ని అడవిలో కలిపేసుకుంది. 1965లో విచారణ కమిషన్ ఆ భూమి అన్యాయంగా తీసుకున్నారని తేల్చి డబ్బులు ఇస్తామంది. వాళ్లు డబ్బు వద్దన్నారు, సరస్సే కావాలన్నారు. 64 ఏళ్లు పట్టు వదల్లేదు. 1970లో నిక్సన్ సంతకంతో 48,000 ఎకరాలు తిరిగి వాళ్ల చేతికి వచ్చాయి. ఇవాళ ఆ క్రతువులు ఏమిటో వాళ్లు ఏ కోర్టుకూ వివరించక్కర్లేదు. 1988లో కోర్టులో ఓడిన కాలిఫోర్నియా రోడ్డు కూడా చివరికి పూర్తి కాలేదు. ఆ ప్రాంతాన్ని పార్లమెంటు చట్టంతో కాపాడారు. పెయోటీకి కూడా 1994లో చట్ట సవరణతోనే రక్షణ వచ్చింది. కోర్టులో పోయింది రాజకీయంతో తెచ్చుకున్నారు.

ఇక మన దగ్గరికి వద్దాం. ఒడిశా నియమగిరిలో వేదాంత కంపెనీ బాక్సైట్ కోసం కొండ తవ్వుతామంటే, 2013 ఏప్రిల్ 18న మన సుప్రీంకోర్టు వేరే దారి పట్టింది. నియమ్ రాజా దేవుడి హక్కుకు భంగం కలుగుతుందో లేదో జడ్జీలు తేల్చలేదు. గ్రామసభల్నే తేల్చమన్నారు. 12 గ్రామసభలు, డోంగ్రియా కొంద్ జనం, పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. గని ఆగింది. అమెరికా అంత పెద్ద మత స్వేచ్ఛ హక్కు చెయ్యలేని పని, 2006 అటవీ హక్కుల చట్టం, గ్రామసభ కలిసి చేశాయి. మన చేతిలో ఉన్న ఆయుధం ఎంత విలువైందో అపాచీలను చూస్తే తెలుస్తుంది. 2022లో వచ్చిన అటవీ సంరక్షణ నిబంధనలు గ్రామసభ సమ్మతిని బలహీనం చేస్తున్నాయన్న ఆందోళన ఎందుకు వచ్చిందో కూడా అప్పుడే అర్థమవుతుంది.

ఇంకొక మాట, కొంచెం సున్నితమైనది. మన ఊర్లలో ఎవరు చర్చికి పోతున్నారు, ఎవరు గుడికి పోతున్నారు, ఎవరు అసలైన ఆదివాసీ అని కొట్లాట పెరిగింది. 2011 జనాభా లెక్కల్లో దేశంలో 79 లక్షల మంది "ఇతర మతాలు" గడిలో నమోదయ్యారు, అందులో దాదాపు 50 లక్షలు సర్నా. మన ధర్మానికి వేరే గడి కావాలన్న డిమాండ్ న్యాయమైనదే. కానీ అపాచీల్లో ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లు ఉన్నారు, వాళ్లలోనే ఓక్ ఫ్లాట్ కోసం నిలబడినవాళ్లూ ఉన్నారు. అక్కడ తెగ సభ్యత్వం మతాన్ని బట్టి పోదు. మనకూ రాజ్యాంగంలో ఎస్టీ గుర్తింపుకు మతం షరతు లేదు. కంపెనీ వచ్చినప్పుడు కొండకింద ఉన్న ఇళ్లన్నీ ఖాళీ చేయిస్తారు. ఏ ఇంట్లో శిలువ ఉంది, ఏ ఇంట్లో పడిగె ఉంది అని చూడరు. మనలో మనం విడిపోతే గ్రామసభలో చేతులు తగ్గుతాయి. అంతకన్నా నష్టం ఇంకేం కావాలి?

చివరగా, చదివే పిల్లలుగా మనం చెయ్యగలిగిన పనులు మూడు.

ఒకటి. మీ ఊరి దేవుడి చోటు, ఊట, శ్మశానం, జాతర దారి, ఇవన్నీ గ్రామసభ తీర్మానంలో హద్దులతో సహా రాయించండి. సామూహిక అటవీ హక్కుల దరఖాస్తులో పెట్టించండి. గని వచ్చాక "ఇక్కడ మా దేవుడు ఉన్నాడు" అంటే ఎవరూ వినరు.

రెండు. ఎంతవరకు రాయాలో పెద్దలను అడిగి రాయండి. చోటు ఎక్కడ ఉందో చెప్పాలి, లోపలి రహస్యాలు కాగితం మీద పెట్టక్కర్లేదు.

మూడు. లా చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ అమెరికా కేసుల్ని, నియమగిరి తీర్పును, 1997 సమత తీర్పును పక్కపక్కన పెట్టుకుని చదవండి. రేపు మన తరఫున నిలబడాల్సింది మీరే.

దేవుణ్ని కాపాడతామని చెప్పేవాళ్లు ఇక్కడా అక్కడా చాలామంది ఉన్నారు. వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: ఆ దేవుడు ఉండే కొండ ఎవరి పేరు మీద ఉంది? జవాబు చెప్పలేకపోతే ముందు ఆ పట్టా సంగతి చూద్దాం రమ్మనండి.

జోహార్.